లారీ స్టీరింగ్‌లో ఆట వస్తే: ఏది మార్చాలి, ఏది బాగుచేయించాలి?

స్టీరింగ్ కొంత తిప్పేదాకా చక్రాల్లో కదలిక రావడం లేదు, ముందు టైరు ఒక పక్కే అరిగిపోతోంది. అప్పుడు లారీ యజమాని ముందు మూడు దారులుంటాయి: షోరూములో లారీ కంపెనీ ముద్రతో వచ్చే విడిభాగం, విడిభాగం చేసే సంస్థ సొంత పేరుతో పెట్టెలో పెట్టి దుకాణాల్లో అమ్మే సరుకు, ఆటోనగర్‌లో పాతదాన్నే బాగుచేయించుకోవడం. అన్నిటికీ ఒకే దారి మేలంటే నేను ఒప్పుకోను. అరిగిన భాగాన్ని బట్టి జవాబు మారుతుంది.

అరిగిందేదో తేలకుండా ధర అడగవద్దు. మొదట ముందు ఇరుసును జాకీతో ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోతే అది చక్రం బేరింగ్‌ది, పోకపోతే కింగ్ పిన్‌ది, అంటే చక్రం పక్కకు తిరిగేందుకు ఇరుసు చివర నిలువుగా ఉండే పిన్నుది. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల (ముందు చక్రాలను కలిపే కడ్డీ చివర్లలో, గిన్నెలో బంతిలా తిరిగే కీళ్లు) సంగతి బయటపడుతుంది. ఈ పావుగంట పని చేయకుండానే స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు అందించే గేరు పెట్టె) పోయిందని తేల్చేవాళ్లు ఉన్నారు. ఎండ్లయితే కొన్ని వేలతో పోతుంది, కొత్త బాక్స్ అంటే పదుల వేలు.

ఎండ్లకు బాగుచేత అన్న మాటే వద్దు. లోపలి బంతి అరిగాక గిన్నెను బిగించడం, వెల్డింగు పెట్టడం ప్రాణాలతో ఆట. కొత్తవే వేయాలి. అయితే షోరూములోనే కొనాలన్న నియమం లేదు. లారీ కంపెనీలు ఈ భాగాలను ఎక్కువగా బయటి తయారీదారుల దగ్గరే కొంటాయి. రానే మద్రాస్ వంటి సంస్థలు సొంత పేరుతో బయటి మార్కెట్లోనూ అమ్ముతాయి. నా ఓటు ఆ పెట్టెకే. పేరూ ఊరూ లేని చవక సరుకు జోలికి మాత్రం పోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీ విడిభాగాలకు జీఎస్టీ 18 శాతమే. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి, రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

కింగ్ పిన్‌కు పూర్తి కిట్టే మేలు. పిన్ను ఉంచి బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే గొట్టం లాంటి తొడుగులు) మాత్రమే మార్చితే, అరిగిన పిన్ను కొత్త బుష్‌ను త్వరగా తినేస్తుంది. ఇక్కడ సామాను ధర కంటే చేయి ముఖ్యం. బుష్ రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని కొలతకు కోసే పనిముట్టు) సరిగ్గా కోయకపోతే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అందుకే షోరూమా, ఆటోనగరా అని కాక, రీమర్ పట్టడం తెలిసిన మేస్త్రి ఎక్కడుంటే అక్కడికే వెళ్తాను.

స్టీరింగ్ బాక్స్‌కు వస్తే బాగుచేయించడమే నాకు నచ్చిన దారి. నూనె కారుతుంటే సీల్ కిట్ (నూనెను బయటికి రాకుండా ఆపే రింగుల సెట్టు) చాలు. విప్పినప్పుడు లోపలి షాఫ్టు మీద గీతలు కనిపిస్తే మాత్రం సీళ్ల మీద డబ్బు పోయకండి, కొత్తదో, పాతది ఇచ్చి హామీతో తీసుకునే మార్పిడి బాక్సో తీసుకోండి. ఏది వేసినా పాత నూనె తీసేసి, ఫిల్టరు మార్చాలి. మురికి నూనె కొత్త బాక్స్‌నూ చెడగొడుతుంది.

ఎండ్లు మార్చాక అలైన్‌మెంట్ ఖర్చు తగ్గించుకోవాలని చూడకండి. టై రాడ్ పొడవు కొంచెం మారినా ముందు చక్రాల పొంతన తప్పుతుంది, కొత్త రేడియల్ టైర్ల జత కొన్నాళ్లకే అరిగిపోతుంది. ఎండు నట్టు ఊడిపోకుండా అడ్డంగా పెట్టే స్ప్లిట్ పిన్ను పాతదాన్నే మళ్లీ దూర్చనివ్వకండి.