గ్రాఫీన్ హెల్మెట్: అదనపు ధరకు తగిన రక్షణ ఉందా?

హనుమకొండ చౌరస్తా దగ్గర కొన్న ఈ హెల్మెట్ పెట్టె మీద ‘గ్రాఫీన్ రక్షణ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అదే కంపెనీ మామూలు రకంతో పోలిస్తే ధర దాదాపు రెట్టింపు.

గ్రాఫీన్ గొప్ప పదార్థమే. ఒకే పరమాణువు మందమున్న ఈ కార్బన్ పొరను 2004లో వేరుచేసి చూపిన భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నోవొసెలోవ్‌లకు 2010లో నోబెల్ బహుమతి లభించింది. 2014లో రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రాఫీన్ దొంతరల మీదికి అతి సూక్ష్మమైన సిలికా గోళాలను సెకనుకు 600 మీటర్ల వేగంతో ప్రయోగించి, బరువుకు బరువు చూస్తే అవి ఉక్కు కంటే సుమారు పది రెట్లు ఎక్కువ శక్తిని పీల్చుకుంటాయని తేల్చారు. అయితే ఆ దొంతరల మందం 10 నుంచి 100 నానోమీటర్లే (మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు). హెల్మెట్ పై డొప్ప ప్లాస్టిక్‌లో కొద్దిగా కలిపిన గ్రాఫీన్ కూడా అంత పని చేస్తుందని ఆ ప్రయోగం చెప్పదు. పైగా ఎంత కలిపారో, ఎక్కడ కలిపారో పెట్టె మీద లేదు. నిట్ లాంటి పెద్ద ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉన్న ఊళ్లో అమ్మే వస్తువును ఆ మాత్రం వివరం అడగడం అత్యాశ కాదు.

తలను ప్రధానంగా కాపాడేది లోపలి థర్మాకోల్ పొర. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి నేలను తాకిన తల రెండు మిల్లీమీటర్లలోనే ఆగిపోతే దాని మీద పడే తాకిడి తల బరువుకు సుమారు 750 రెట్లు ఉంటుంది. పొర నలిగి రెండు సెంటీమీటర్ల దూరం ఇస్తే అది 75 రెట్లకు తగ్గుతుంది. ఈ హెల్మెట్‌లో ఆ పొర మందంగా, చెవుల పక్కకు కూడా వచ్చేలా ఉంది. నాకు బాగా నచ్చిన అంశమిదే. 2021 జూన్ నుంచి తప్పనిసరైన ఐఎస్‌ఐ ముద్ర ఉంది, గడ్డం పట్టీ గట్టిగా నిలుస్తుంది.

గాలి రంధ్రాలు మాత్రం చాలవు. మే నెల ఎండలో గ్రానైట్ లారీల వెనక కరీంనగర్ దాకా వెళ్లేసరికి లోపలి గుడ్డ చెమటతో తడిసిపోతుంది, విప్పి ఉతుక్కోవచ్చు కాబట్టి సరిపెట్టుకోవచ్చు.

తలకు బిగువుగా సరిపోతే, లోపల ఇంతే మందం పొర ఉంటే, అదే కంపెనీ మామూలు రకాన్నే కొనమని నా సలహా. ఏది కొన్నా ఒక్కసారి గట్టి దెబ్బ తగిలాక నలిగిన థర్మాకోల్ మళ్లీ ఉబ్బదు, పైకి గీత కూడా కనిపించకపోయినా ఆ హెల్మెట్‌ను మార్చాల్సిందే.