‘రేసుకు రెడీ’ అని అమ్మే పాత లెజెండ్స్ కార్లతో జాగ్రత్త

షార్లెట్, కాంకర్డ్, అట్లాంటా చుట్టుపక్కల ఉంటూ పిల్లల కోసం సెకండ్‌హ్యాండ్ లెజెండ్స్ కారు వెతుకుతున్న తెలుగువాళ్లకు ఈ హెచ్చరిక. వేసవిలో షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో సమ్మర్ షూటవుట్ అనే లెజెండ్స్ కార్ల పోటీలు ఉంటాయి కాబట్టి చలికాలం చివరి నుంచే పాత బండ్ల బేరాలు ఊపందుకుంటాయి. ఆ సీజన్‌లోనే నాకు ఒక బండి అంటగట్టారు. ధర పదకొండు వేల ఐదు వందల డాలర్లు. మా చేతికొచ్చాక అది ఒక్క రేసులోనూ దిగలేదు. టెక్ ఇన్‌స్పెక్షన్‌కి (రేసుకు ముందు బండికి జరిగే తనిఖీకి) తీసుకెళ్లే స్థితిలో కూడా లేదు.

ఈ కార్ల సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. 1930లు, 40ల్లో అమెరికాలో మామూలు జనం నడిపిన ఫోర్డ్, షెవర్లే కూపేలను, సెడాన్లను ఎనిమిదింట ఐదు వంతుల సైజుకు కుదించి, రేసు కోసమే ఫ్యాక్టరీలో తయారుచేసిన బండ్లు ఇవి. 1934 ఫోర్డ్ కూపే, 1937 షెవర్లే సెడాన్, 1940 ఫోర్డ్ కూపే లాంటి రూపాల్లో దొరుకుతాయి. (నార్త్ కరోలినా కొండల్లో నాటుసారా రవాణా చేసినవాళ్లకు ఆ 1940 ఫోర్డ్ అంటే ప్రాణం. ఇక్కడి స్టాక్ కార్ రేసింగ్‌కి మూలాలు కొంత అక్కడే ఉన్నాయి.) 1992లో షార్లెట్ స్పీడ్‌వేని నడిపిన హంపీ వీలర్, రేసర్ ఎలియట్ ఫోర్బ్స్-రాబిన్సన్ ఈ ఆలోచనను జనం ముందుకు తెచ్చారు. లోపల ఉక్కు గొట్టాల ఫ్రేమ్, దానికే కలిసిన రోల్ కేజ్ (బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే గొట్టాల పంజరం), పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు యమహా బైకు ఇంజిన్. పాత బండ్లలో ఎక్కువవాటికి 1200 సీసీ, 1250 సీసీ ఇంజిన్లు ఉంటాయి, ఈమధ్యవాటిలో మూడు సిలిండర్ల ఎఫ్‌జెడ్-09 వస్తోంది. గేర్లు బైకులో లాగే ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసు ఆట ఆడే పిల్లలకు ఆ 34 ఫోర్డ్ బాగా తెలుసు. విలియం బైరన్ కూడా ఐరేసింగ్ ఆడి, తర్వాత లెజెండ్స్ కార్లు నడిపి, అక్కడి నుంచి నాస్కార్ (అమెరికాలో పెద్ద స్టాక్ కార్ రేసులు) పైమెట్టుకు వెళ్లాడు. మా అమ్మాయి ఉదయం లేస్తే చెప్పే పేరు అదే. మీ ఇంట్లోనూ అదే గొడవ అయ్యుంటుంది.

ఇక్కడ కొనేవాళ్లు పట్టుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ పోటీల్లో బండ్లన్నీ ఒకేలా ఉండాలి. ఈ పోటీలకు నియమాలు పెట్టే ఐనెక్స్ సంస్థ ఒప్పుకోని భాగం ఒక్కటి బిగించి ఉన్నా గెలుపు చెల్లదు, కొన్నిసార్లు ట్రాక్ మీదికే పంపరు. కాబట్టి పాత లెజెండ్స్ కారు విలువంతా రెండింట్లోనే ఉంది: ఫ్రేమ్ తిన్నగా ఉండాలి, ఇంజిన్ నియమాల ప్రకారం ఉండాలి. మిగతాదంతా డబ్బు పెడితే వచ్చేదే. నాకు అమ్మిన బండిలో ఆ రెండే లేవు.

ప్రకటనలో రాసింది ఇంతే: రేసుకు రెడీ, కొత్త బాడీ, కొత్త పెయింట్, ఫ్రేమ్ స్ట్రెయిట్, ఇంజిన్ ఫ్రెష్, ట్రెయిలర్ ఉచితం. ఫోటోల్లో నారింజ రంగు 34 కూపే అద్దంలా మెరుస్తోంది. వీటిలో ‘కొత్త బాడీ’ అన్నమాట దగ్గరే ఆగాలి. ఫైబర్ బాడీ అంటే బోల్టులతో బిగించే తొడుగు. పాతదాన్ని తీసి కొత్తది వేయడం పెద్ద పనేమీ కాదు. అసలు పాత బాడీకి ఏమైంది? గోడకు కొట్టారా, బోల్తా పడిందా, ఇంకో బండి వచ్చి పక్కన గుద్దిందా? చిన్న గీతలు, బీటలు పడితే ఎవరూ బాడీ మొత్తం మార్చరు, ప్యాచ్ వేసుకుంటారు. మొత్తం మార్చారంటే దెబ్బ పెద్దది. ఆ దెబ్బ బాడీతో ఆగిందా, లోపలి గొట్టాల దాకా వెళ్లిందా అన్నది పెయింట్ చూస్తే తెలియదు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ బండ్లను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

అమ్మినాయన సౌత్ కరోలినావాడు, చాలా మర్యాదస్తుడు. మేం వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వెచ్చగా ఉంది. “మీరు దూరం నుంచి వస్తున్నారు కదా, రెడీగా పెట్టాను” అన్నాడు. బటన్ నొక్కగానే చక్కగా అందుకుంది. ఆ మర్యాదను ఎవరూ ఒప్పుకోకండి. వేడి ఇంజిన్ తన రోగం దాచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పొగ ఏ రంగులో వస్తోంది, ఏ సిలిండర్ ఆలస్యంగా అందుకుంటోంది, కార్బరేటర్లలో పాత పెట్రోలు జిగురు కట్టిందా అన్నవి బయటపడతాయి. వెళ్లేముందే ఫోన్‌లో “నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లగానే మీ చెయ్యి ఇంజిన్ మీద పెట్టి చూడండి. సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారు, అడ్వాన్సు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఫోన్‌లో నేరుగా డబ్బు పంపే Zelle) పంపితే బండి ఆపుతానని అమ్మినాయన అన్నాడు. జెల్‌లో మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం కాగితం) మీద ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నామని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత బండిని లెజెండ్స్ కార్లు సెటప్ చేసే ఒక షాపుకు తీసుకెళ్లాను. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి బరువు ఎక్కడెక్కడ పడుతోందో చూస్తారు. మెకానిక్ ఒక మూల పెంచితే ఇంకో మూల తన్నుకొస్తోంది, ఎంత తిప్పినా అంకెలు దారికి రావడం లేదు. అప్పుడాయన టేపు తీసి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కొలిచాడు. ఈ బండికి అది 73 అంగుళాలు, అటూ ఇటూ కొద్దిపాటి తేడా ఉండొచ్చు. మా బండిలో ఎడమ పక్కకూ కుడి పక్కకూ మధ్యే దాదాపు అంగుళంన్నర తేడా వచ్చింది. బాడీ విప్పి, ముందు భాగం గొట్టాల మీద పెయింట్ గీకితే అసలు కథ కనబడింది. వంగిన గొట్టాన్ని మధ్యలో కోసి, ఇంకో ముక్క దూర్చి వెల్డింగ్ చేశారు. వెల్డింగ్ గుర్తు కనబడకుండా గ్రైండర్‌తో అరగదీశారు. అరగదీస్తే అతుకు బలం ఇంకా తగ్గుతుంది. డ్రైవర్ కాళ్లు ఉండేది ఆ గొట్టాల వెనకే. ఇంజిన్ సంగతి, డబ్బు సంగతి నేను ఎప్పటికో మర్చిపోతాను గానీ ఇది మాత్రం మర్చిపోను. కొనడానికి వచ్చిన నా పక్కన పద్నాలుగేళ్ల పిల్ల నిలబడి ఉంది. సీటు సరిపోతుందో లేదో చూడమని దాన్ని ఎక్కించింది కూడా ఆయనే.

వెనక యాక్సిల్ కూడా కొంచెం వంగి ఉంది. దీన్ని మీరే చూడొచ్చు: వెనక భాగాన్ని జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే వంకర తిరుగుడు కంటికే తెలుస్తుంది. టేపు పట్టుకెళ్లి రెండు పక్కలా వీల్‌బేస్ కొలవండి, ఫ్రేమ్ మీద ఒకేలాంటి బిందువుల మధ్య ఐమూలగా కూడా కొలవండి. గొట్టం మీద ముడతలు, ఒక్కచోట మాత్రమే తాజాగా ఉన్న పెయింట్, మిగతావాటికంటే నున్నగా ఉన్న అతుకు కనబడితే బేరం అక్కడితో ఆపేయండి. బాడీ విప్పి చూపించమని అడగడం తప్పేం కాదు. నిజాయితీగా అమ్మేవాడు తనే విప్పి చూపిస్తాడు.

ఇంజిన్ విషయానికొస్తే, కంప్రెషన్ పరీక్షలో ఒక సిలిండర్ మిగతా మూడింటికంటే బాగా తక్కువ చూపించింది. విప్పితే క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) ఫ్యాక్టరీది కాదు, హెడ్‌లో పోర్టులు అరగదీసి ఉన్నాయి. అంటే అది అక్రమంగా పరిగెత్తి, అలసి, అమ్మకానికి వచ్చిన ఇంజిన్. ‘ఫ్రెష్’ అంటే ఎవరు, ఎప్పుడు విప్పారు, రసీదు ఏది అని అడగాలి. రసీదు లేని రీబిల్డ్‌ని రీబిల్డ్‌గా లెక్కపెట్టకండి. సీలు వేసి ఉండాల్సిన ఇంజిన్ అయితే ఆ సీలు దగ్గరగా ఫోటో తీసి, ఏదైనా లెజెండ్స్ డీలర్‌కి చూపించాకే ముందుకెళ్లండి.

భద్రత సామాను గురించి పిల్లలున్నవాళ్లు ఇది తప్పక చదవాలి. “బెల్టులు, నెట్, హెల్మెట్ అన్నీ ఉన్నాయి” అని అమ్మినాయన ఉదారంగా ఇచ్చాడు. సీటు బెల్టుల మీద ఎస్‌ఎఫ్‌ఐ (రేసు సామాను ప్రమాణాల సంస్థ) లేబుల్ ఉంటుంది, తయారైన తేదీ నుంచి రెండేళ్లే దాని ఆయుష్షు. కిటికీ నెట్‌కీ అంతే. మెడను కాపాడే పరికరాన్ని ఐదేళ్లకోసారి మళ్లీ తనిఖీ చేయించాలి. మాకు వచ్చిన బెల్టుల లేబుల్ ఎప్పుడో చెల్లిపోయింది. హెల్మెట్ మోటార్‌సైకిల్ వాళ్లది, లోపల స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) లేబుల్ మీద ఎం అక్షరం ఉంది. కార్ రేసుకు ఎస్‌ఏ అని ఉండాలి, ఎందుకంటే మంటలు తట్టుకునే పరీక్ష దానికే ఉంటుంది. సీటు కూడా తుంటి వెడల్పును బట్టి అంగుళాల్లో వస్తుంది, పెద్దవాళ్ల సీటులో దిండ్లు కుక్కి పిల్లని కూర్చోబెట్టకూడదు. పిల్లలు తేలిగ్గా ఉంటారు కాబట్టి డ్రైవర్‌తో కలిపి కనీస బరువు (దాదాపు 1,300 పౌండ్లు) అందుకోవడానికి సీసం దిమ్మలు బిగిస్తారు. మా బండిలో దిమ్మ ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. గుద్దుకున్నప్పుడు అది ఊడితే ఎటు ఎగిరి పడుతుందో మీరే ఊహించుకోండి.

‘ఉచిత’ ట్రెయిలర్‌కి టైటిల్ (యాజమాన్య పత్రం) లేదు. “మా రాష్ట్రంలో అక్కర్లేదు” అన్నాడు. నార్త్ కరోలినాలో ప్లేటు కావాలంటే కాగితం కావాలి, లేకపోతే డీఎంవీ చుట్టూ తిరగాలి. దాని టైర్ల మీద తేదీ కోడ్ చూస్తే బండికంటే అవే పాతవి అనిపించింది.

ఇంకో మోసం నాకు జరగలేదు గానీ వెతుకుతున్నప్పుడు కంటపడింది. డ్వార్ఫ్ కార్లను లెజెండ్స్ అని అమ్ముతున్నారు. అరిజోనాలో ఎర్నీ ఆడమ్స్ అనే ఆయన మొదలుపెట్టిన చిన్న కార్లవి. అవీ పాత అమెరికన్ కార్లకు అదే ఎనిమిదింట ఐదు వంతుల నమూనాలే, వాటిలోనూ బైకు ఇంజినే. ఆయన చేతిపనితనం చూస్తే ముచ్చటేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ లెజెండ్స్ పోటీలో దానికి చోటు లేదు. అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. డోరుకు అతుక్కుంటే అది రేకు బాడీ, అది లెజెండ్స్ ఫైబర్ బాడీ కాదు.

నా డబ్బు సంగతి అడుగుతారేమో. ఫోన్ చేస్తే మొదట “నా దగ్గరున్నప్పుడు బాగానే ఉంది” అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. చిన్న మొత్తాల కోర్టుకు వెళ్దామంటే సౌత్ కరోలినాలో మేజిస్ట్రేట్ కోర్టు పరిమితి 7,500 డాలర్లు. నార్త్ కరోలినాలో కౌంటీని బట్టి గరిష్ఠంగా 10,000. నేనిచ్చింది రెండింటికీ పైనే. ‘యాజ్ ఈజ్’ అని సంతకం పెట్టినా, అమ్మేవాడు రాతపూర్వకంగా చెప్పిన అబద్ధానికి అది పూర్తి రక్ష కాదని లాయరు అన్నారు. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు దాచుకోవడం మంచిది. ‘ఫ్రేమ్ స్ట్రెయిట్’ అన్న ఆ రెండు మాటలే ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం. మీరు బిల్ ఆఫ్ సేల్ రాయించుకునేటప్పుడు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ‘ఫ్రేమ్ మరమ్మతు జరగలేదు’ అన్న వాక్యం అందులో ఉండాలని పట్టుబట్టండి. అడ్వాన్సు ఇచ్చేముందే, అమ్మేవాడితో సంబంధం లేని లెజెండ్స్ షాపులో తూకం వేయించి చూస్తామని చెప్పండి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, నాకైన దాంతో పోలిస్తే అదొక ఖర్చే కాదు.

ఆ అమ్మినాయన మళ్లీ ప్రకటన పెట్టాడు. ఈసారి నీలం రంగు 37 సెడాన్, అదే గ్యారేజీ, అవే మాటలు. ఫోటోలన్నీ బయటివే, బాడీ కింద తీసినది ఒక్కటీ లేదు. పేరు ఇక్కడ రాయను. అలాంటిది మీ కంట పడితే ముందు ఛాసిస్ నంబరు ప్లేటు ఫోటో పంపమని అడగండి. ‘పెయింట్ వేసినప్పుడు పోయింది’ అని జవాబొస్తే, నాకూ సరిగ్గా అదే చెప్పాడు.