ఈబేలో కచేరీ టికెట్ల వేలం: పలికింది 240, చేతికొచ్చింది 204.80

న్యూజెర్సీలో నెవార్క్ ప్రుడెన్షియల్ సెంటర్‌లో మన సినిమా పాటల కచేరీకి రెండు టికెట్లు కొన్నాం. సర్వీసు ఛార్జీలన్నీ కలిపి 218 డాలర్లు. తీరా ఆ శనివారమే మావారికి డాలస్ ప్రయాణం పడింది. ఎడిసన్ వాట్సాప్ గ్రూపులో పెడితే వచ్చిన మెసేజీలన్నీ ఒకటే పాట: "అక్కా, రెండూ కలిపి 150కి ఇచ్చేస్తారా?" మనవాళ్ల బేరం సంగతి తెలిసిందేగా. అందుకని ఈబేలో వేలానికి పెట్టాను.

వేలం 240 దగ్గర ఆగింది. మా తోడికోడలు వెంటనే ఫోను: "అక్కా, 22 డాలర్లు మిగిలాయిగా, బిర్యానీ ఎప్పుడు?" బిర్యానీ లేదమ్మా, పైగా 13 డాలర్ల 20 సెంట్లు చేతినుంచి పడ్డాయి అన్నాను. నమ్మలేదు. ఆర్డర్ వివరాల పేజీ తీసి స్క్రీన్‌షాట్ పంపాల్సొచ్చింది.

ఆ పేజీలో ఉన్నదిదీ. కొన్నాయన న్యూజెర్సీవాడే కాబట్టి 240 మీద 6.625 శాతం సేల్స్ టాక్స్, అంటే 15.90. మొత్తం ఆయన కట్టింది 255.90. ఆ టాక్సు నాకు రాదు, ఈబే వసూలు చేసి నేరుగా రాష్ట్రానికి కట్టేస్తుంది. కానీ కమిషన్ మాత్రం 240 మీద కాదు, 255.90 మీద లెక్కేస్తారు. సొంత స్టోర్ లేని మామూలు అమ్మకందార్లకి చాలా కేటగిరీల్లో రేటు 13.6 శాతం (2025 ఫిబ్రవరికి ముందు 13.25 ఉండేది). అది 34.80. పది డాలర్లు దాటిన ప్రతి ఆర్డరుకీ ఇంకో 40 సెంట్లు. వెరసి 35.20 పోయి 204.80 మిగిలింది. కాగితం మీద 13.6 అన్నది నా 240 మీద చూసుకుంటే 14.7 శాతం దాకా తేలుతుంది. కొనేవాళ్ల ఊళ్లో టాక్సు ఎక్కువుంటే మనకి ఇంకాస్త తరుగు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఫీజుల పేజీలో రాసే ఉంటుంది. టాక్సు మీద కూడా కమిషన్ అన్న వాక్యం దగ్గర మాత్రం ఎవరి కన్నూ ఆగదు.

నా 218 నాకు పూర్తిగా రావాలంటే వేలం 255 డాలర్ల 50 సెంట్ల దాకా వెళ్లాలి. అంత పలుకుతుందని నేనేమీ ఆశపడలేదు. వాట్సాప్ వాళ్ల 150 కంటే ఎక్కువొస్తే చాలనుకున్నా. అందుకే మొదటి పాట, అంటే వేలం మొదలయ్యే ధర, 180కి పెట్టాను: 180కే పోయినా ఫీజులు పోను 153.50 వస్తుంది.

ఇక్కడ రిజర్వ్ ప్రైస్ జోలికి మాత్రం వెళ్లకండి. "ఇంతకంటే తక్కువకి ఇవ్వను" అని లోపల ఒక ధర దాచిపెట్టే సదుపాయం అది. దానికి 5 డాలర్లు గానీ, ఆ ధరలో 7.5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు, టికెట్ అమ్ముడు పోకపోయినా సరే. 250కి రిజర్వ్ పెడితే 18.75 గాల్లోకి. అదే 250ని మొదటి పాటగా పైకే పెట్టేస్తే పైసా ఖర్చుండదు. నెలకి 250 లిస్టింగుల దాకా ఉచితమే కాబట్టి మనలాంటి వాళ్లకి పెట్టుబడి ఖర్చంటూ వేరే లేదు.

ఫీజు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది టైము. వేలం గెలిచినవాళ్లకి డబ్బు కట్టడానికి నాలుగు రోజులు గడువుంటుంది. కట్టకపోతే ఆర్డర్ రద్దు చేసి ఫీజు వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, కచేరీ తేదీని వెనక్కి తేలేం కదా. బుధవారం ముగిసే వేలం, శనివారం కచేరీ అయితే మిగిలిన టికెట్లు ఫ్రిజ్ మీద అంటించుకోడానికే. అదీ బార్‌కోడ్ కదులుతూ ఉండే ఫోను టికెట్ కాబట్టి అంటించుకోడానికీ పనికిరాదు. నాది ముందు ఆదివారం రాత్రి ముగిసేలా పెట్టాను. కొన్నాయన అప్పుడే కట్టేశాడు, నేను టికెట్ యాప్‌లోంచి ఆయన ఈమెయిల్‌కి ట్రాన్స్‌ఫర్ చేశాను. ఆయన తీసుకున్నట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి, రేపు అందలేదంటే చూపించడానికి అదే ఆధారం. అన్నట్టు కొన్ని షోలకి ట్రాన్స్‌ఫర్ కచేరీ దగ్గరపడేదాకా తెరవరు, పెట్టేముందే చూసుకోండి.

మరి టికెట్లు తిరిగి అమ్ముకునే సైట్ స్టబ్‌హబ్? ఒకప్పుడు అదీ ఈబేదే. 2007లో 31 కోట్ల డాలర్లకి కొని, 2020లో వియాగోగో అనే ఇంకో టికెట్ల కంపెనీకి 405 కోట్లకి అమ్మేసింది. టికెట్లు కొనేవాళ్లలో ఎక్కువమంది చూపు అటే కాబట్టి ఈబేలో వేలం పాడేవాళ్లు పలచగానే ఉంటారు. అక్కడ అమ్మేవాళ్ల దగ్గర మామూలుగా 15 శాతం చుట్టూ పట్టుకుని, కొనేవాళ్ల మీద వేరే ఫీజు వేస్తారు. 2025 మే 12 నుంచి ఫెడరల్ నియమం ప్రకారం ఆ మొత్తం ధర మొదట్లోనే చూపించాలి. కొనేవాళ్లకి మంచిదే, మనకి రేటు పెట్టడం కాస్త కష్టమైంది. పైగా అక్కడ డబ్బు కచేరీ అయ్యాకే వస్తుంది. ఈబేలో కూడా కొత్త ఖాతా అయితే కొన్నాళ్లు ఆపిపెడతారు. నాది పాత ఖాతా కాబట్టి ఆ బెడద లేకపోయింది.

మొత్తానికి ఈబే వేలానికి అయిదుకి మూడున్నర ఇస్తాను. ఎంత పలుకుతుందో అంచనా లేని షోకి, చేతిలో రెండు వారాల టైముంటే వేలం మంచిదే. గిరాకీ ఉన్న టికెట్లయితే బై ఇట్ నౌ (వేలం లేకుండా ఒకటే ధర) పెట్టి, వెంటనే డబ్బు కట్టాలన్న ఆప్షన్ ఆన్ చేసుకోండి. కమిషన్ అంతే పడుతుంది, నాలుగు రోజుల నిరీక్షణ మాత్రం తప్పుతుంది. మా తోడికోడలు వచ్చే నెల షో టికెట్లు అలాగే 275కి పెట్టింది. న్యూజెర్సీవాళ్లే కొంటే ఆవిడ చేతికి 234.72 వస్తుందని, బిర్యానీ ఆవిడదేనని ముందే చెప్పాను.