మందుల స్కాన్ యాప్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఇంట్లో పెద్దవాళ్ల మందులు ఏవి దేనికో తెలుసుకోవడానికి యాప్ కొనబోయేవాళ్లు, ముఖ్యంగా ప్రీమియం తీసుకోబోయేవాళ్లు కాస్త ఆగండి. నేను తీసుకున్నది స్ట్రిప్ ఫోటో తీస్తే చాలు వివరాలన్నీ తెలుగులో చెప్పేస్తానంటుంది, ఒకదానికొకటి పడని మందులుంటే పట్టేస్తానంటుంది, ఏడాదికి 999 రూపాయలు గుంజుతుంది.

మా నాన్న వేసుకునేది టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన బీపీ బిళ్ల. మెడికల్ షాపులో కావలసినన్ని కత్తిరించి ఇస్తారు కదా, ఆ కత్తెర సరిగ్గా పేరు మీద పడి చివర ఉండే ఏఎం అనే అక్షరాలు షాపులోనే ఉండిపోయాయి. సరిగా కనిపించట్లేదు, ఇంకో ఫోటో తీయండి అంటే సరిపోయేది. అది అలా అనకుండా అదే పేరు పక్కన హెచ్ ఉన్న మందు చూపించి, ఆకుపచ్చ టిక్ కూడా పెట్టింది. ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో నీరూ ఉప్పూ మూత్రంలో పోయేలా చేసే మందు. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వదులు చేసే మందు. రెండూ బీపీకే అయినా మనంతట మనం మార్చేసుకునేవి కావు. పైగా కింద ఇదే మందు తక్కువ ధరకి అంటూ ఆర్డర్ బటన్ ఒకటి! డాక్టర్ చీటీ పక్కన పెట్టుకుని చూశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అదే ఇంటికి వచ్చేది.

అనుమానమొచ్చి జలుబు బిళ్ల, జ్వరం బిళ్ల కూడా ఎక్కించి చూశాను. ఒకదాంట్లో పారాసెటమాల్ 500, ఇంకోదాంట్లో 650. యాప్ మాత్రం కలిపి వేసుకుంటే ఏ సమస్యా లేదంది. రెండూ రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే 4600 మిల్లీగ్రాములు అవుతుంది, పిల్లలు కాకుండా పెద్దవాళ్లకైతే రోజుకి 4000 దాటకూడదు, లివర్ బాగోనివాళ్లకి, రోజూ తాగేవాళ్లకి అంత కూడా పనికిరాదు. బ్రాండ్ పేర్లు వేరు కాబట్టి లోపల ఉన్న మందు ఒకటేనని దానికి తట్టలేదు, ఈ మాత్రం పని కోసమే కదా మనం డబ్బులు కట్టేది.

కస్టమర్ కేర్‌ని అడిగితే సమాచారం అవగాహన కోసమే, డాక్టర్‌ని సంప్రదించమని షరతుల్లో రాశాం సార్ అన్నారు. రీఫండ్ లేదట. మరి ప్రకటనలో ఆ మాట ఎందుకు లేదో!

మీరు షాపులో కత్తిరించకముందే మొత్తం స్ట్రిప్ వెనకవైపు ఫోటో తీసుకోండి, ఒక్కో బిళ్లలో ఏముందో, ఎంత ఉందో అక్కడ ఉంటుంది. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిబంధన కూడా ఉంది, అది స్కాన్ చేస్తే మందు పేరు, కంపెనీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ వస్తాయి. అనుమానముంటే ఫార్మసిస్టుని అడగండి, పైసా ఖర్చు లేదు. చవక మందుల ధర కోసమైతే ప్రభుత్వానిదే జన్ ఔషధి సుగమ్ యాప్ ఉంది, ఉచితం. మందు పడక ఏదైనా తేడా చేస్తే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తర్వాత ఇలాంటివి నమోదు చేసుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024 కి ఫోన్ చేసి చెప్పొచ్చు, టోల్ ఫ్రీ.

ఇప్పటికే కట్టేసినవాళ్లకి ఇంకో మాట. యాప్ తీసేసినంత మాత్రాన వచ్చే ఏడాది డబ్బులు కట్ కాకుండా ఉండవు. యూపీఐతో కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులోకి వెళ్లి మీరే క్యాన్సిల్ చేసుకోవాలి.