మెయిళ్లకు రూల్స్ రాయాలా, ట్యాబులకు వదిలేయాలా, వెతుక్కుంటే సరిపోతుందా?

నేను రాసుకున్న ఫిల్టరే ఒకసారి నా ఉద్యోగాన్ని చెత్తబుట్టలో వేసింది. సేల్ మెయిళ్లతో విసిగిపోయి, సబ్జెక్టులో 'ఆఫర్' అన్న ఇంగ్లీషు మాట కనబడితే చాలు డిలీట్ చేసెయ్యమని జీమెయిల్‌లో ఒక రూల్ (జీమెయిల్ భాషలో ఫిల్టర్) పెట్టాను. రెండు నెలలు హాయిగా గడిచింది. ఆ తర్వాత ఇంటర్వ్యూ చేసిన కంపెనీ ఒకటి 'ఆఫర్ లెటర్' పంపింది. అది ఇన్‌బాక్స్ మొహం కూడా చూడకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయింది. "మీ నిర్ణయం ఇంకా చెప్పలేదేంటండీ?" అని వాళ్లే ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. ట్రాష్‌లో పడ్డవాటిని జీమెయిల్ 30 రోజుల తర్వాత శాశ్వతంగా తీసేస్తుంది. నాకు తొమ్మిదో రోజున ఫోన్ వచ్చింది కాబట్టి సరిపోయింది.

అలాగని రూల్స్ మానేశానా అంటే, లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? కాకపోతే ఏ పని రూల్‌కి అప్పజెప్పాలి, ఏది అప్పజెప్పకూడదు అని అప్పటినుంచే ఆలోచించడం మొదలుపెట్టాను. మన ముందున్న దారులు మూడు. ఏదీ సర్దకుండా అవసరమైనప్పుడు వెతుక్కోవడం ఒకటి. మెయిల్ సర్వీసు తనంతట తాను ట్యాబులుగా చేసే విభజనకు వదిలేయడం రెండోది. మన రూల్స్ మనమే రాసుకోవడం మూడోది.

వెతుక్కునే దారిని చాలామంది బద్ధకం అనుకుంటారు గానీ, దాని వెనక గట్టి వాదనే ఉంది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ చోటుతో వచ్చినప్పుడు చెప్పిందే అది: డిలీట్ చెయ్యొద్దు, ఫోల్డర్లలో సర్దొద్దు, కావాల్సినప్పుడు వెతకండి అని. 2011లో ఐబీఎం పరిశోధకులు 345 మంది మెయిల్ వాడకాన్ని, వాళ్లు పాత మెయిళ్ల కోసం చేసిన 85 వేలకు పైగా వెతుకులాటల్ని గమనించారు. శ్రమపడి ఫోల్డర్లు కట్టుకున్నవాళ్లు తమ మెయిల్ దొరకబుచ్చుకోవడంలో మిగతావాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరని తేల్చారు. అంటే తర్వాత సులువుగా దొరకాలని మాత్రమే సర్దుతుంటే, ఆ శ్రమ చాలావరకు వృథా.

కానీ వెతుకులాటకు ఒక పెద్ద లోటుంది. వచ్చిందని మనకు తెలిసిన మెయిల్‌నే అది తెచ్చిపెడుతుంది. వచ్చిందని తెలియనిదాన్ని ఏమని వెతుకుతాం? పైగా జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్‌లో, ట్రాష్‌లో ఉన్నవి ఫలితాల్లో కనబడవు, అక్కడ కూడా చూడమని విడిగా చెప్పాలి. నా ఆఫర్ లెటర్ కోసం మొదట కంపెనీ పేరు కొట్టి వెతికితే ఏమీ రాకపోవడానికి కారణం అదే. ఆ అయిదు నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇక ట్యాబులు. ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్, అప్‌డేట్స్ అంటూ జీమెయిల్ 2013లో తెచ్చిన ఏర్పాటు ఇది. మైక్రోసాఫ్ట్ వాళ్ల అవుట్‌లుక్‌లో 'ఫోకస్డ్', 'అదర్' అని రెండే భాగాలుంటాయి. వీటికి మనం చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. తప్పు ట్యాబులో పడ్డ మెయిల్‌ని సరైనదాంట్లోకి లాగి పడేస్తే, ఇకపై ఈయన పంపినవన్నీ ఇక్కడికే రావాలా అని జీమెయిల్ అడుగుతుంది, ఒప్పుకుంటే సరి. రూల్ చెయ్యలేని పని కూడా ఒకటి ఇవి చేస్తాయి. ఒకే షాపు కొన్నదానికి రసీదూ పంపుతుంది, వారానికోసారి సేల్ ప్రకటనా పంపుతుంది. పంపినవారి చిరునామాని బట్టి రూల్ రాస్తే రెండూ ఒకే గాటన కట్టేస్తుంది. ట్యాబుల ఏర్పాటు మాత్రం మెయిల్ లోపలి విషయాన్నీ చూస్తుంది కాబట్టి చాలాసార్లు రసీదును అప్‌డేట్స్‌లో, ప్రకటనను ప్రమోషన్స్‌లో పెడుతుంది.

ఆ 'చాలాసార్లు' దగ్గరే నాకు పేచీ. ఎందుకు అక్కడ పెట్టావని దాన్ని అడగలేం. నిన్న ప్రైమరీలో వచ్చిన న్యూస్‌లెటర్ ఇవాళ ప్రమోషన్స్‌లో పడితే కారణం ఎక్కడా రాసి ఉండదు. నా ఆఫర్ రూల్ తెలివితక్కువదే కావచ్చు, కానీ అది ఎందుకలా చేసిందో సెట్టింగ్స్ తెరిచి చూస్తే పది సెకన్లలో అర్థమైంది. తప్పు దొరికింది కాబట్టి దిద్దుకోగలిగాను.

అందుకే నా ఓటు రూల్స్‌కే, కాకపోతే కొద్దిపాటి రూల్స్‌కి. మొదటి జాగ్రత్త, రాసేటప్పుడు మాటల్ని కాకుండా పంపినవారిని పట్టుకోవాలి. 'ఆఫర్', 'బిల్లు', 'అర్జెంట్' లాంటి మాటలు ఎవరైనా రాస్తారు. గ్రూప్ మెయిళ్లకైతే ఇంకా మంచి ఆనవాలు ఉంది: చాలా గ్రూపులు, న్యూస్‌లెటర్లు హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటే వచ్చినా మనకు మామూలుగా కనబడని వివరాల్లో, తమ లిస్టు పేరు పెడతాయి. జీమెయిల్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఇలాంటివాటికి ఫిల్టర్ పెట్టు అంటే అది ఆ లిస్టు పేరునే తీసుకుంటుంది. గ్రూపులో ఎవరు రాసినా పట్టుబడుతుంది.

రెండో జాగ్రత్త, ఆ రోజు నేను తీసుకోనిది. ఫిల్టర్ పెట్టెలో వివరాలు నింపాక 'క్రియేట్' పక్కనే 'సెర్చ్' బటన్ ఉంటుంది. ముందు అది నొక్కితే ఈ రూల్‌కి ఏయే పాత మెయిళ్లు చిక్కుతాయో జాబితా వస్తుంది. ఆ రోజు నొక్కి ఉంటే, 'ఆఫర్' మాటకు చిక్కినవాటిలో పాత కంపెనీ పంపిన ఆఫర్ లెటర్ మొదటి పేజీలోనే కనబడేది. తర్వాత నొక్కి చూశాను, కనబడింది!

మూడోది, డిలీట్ చేసే రూల్ రాయనే రాయకూడదు. మొదట లేబుల్ మాత్రం తగిలించండి, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉండనివ్వండి. రెండు వారాలు చూసి, లేబుల్ పడ్డవాటిలో వెంటనే చూడాల్సింది ఒక్కటీ లేదని తేలితే అప్పుడు ఇన్‌బాక్స్ దాటించే టిక్కు పెట్టండి. గడువున్న ఏ మెయిల్‌నీ, అంటే బ్యాంకు, ఓటీపీ, ఫీజు, ఆఫీసు పెద్దల మెయిళ్లను ఇన్‌బాక్స్ దాటించకండి. వాటికి స్టార్ పెట్టే రూల్ చాలు.

రూల్ ఎక్కడ నడుస్తుందన్నది కూడా చూసుకోవాలి. జీమెయిల్ ఫిల్టర్లు సర్వర్‌లోనే, అంటే గూగుల్ కంప్యూటర్లలోనే నడుస్తాయి, ఫోన్‌లో చూసినా కంప్యూటర్‌లో చూసినా ఒకటే ఫలితం. కంప్యూటర్లో వేసుకునే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఫిల్టర్లు మాత్రం ఆ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ మూసి ఊరెళితే ఫోన్ ఇన్‌బాక్స్ నిండా సర్దని మెయిళ్లే. అవుట్‌లుక్‌లో రెండు రకాలూ ఉంటాయి. కంప్యూటర్లో దాచుకున్న ఫైల్‌లోకి మెయిల్‌ని తరలించే రూల్ ఆ కంప్యూటర్లో అవుట్‌లుక్ తెరిచి ఉంటేనే కదులుతుంది. అవుట్‌లుక్‌లో వరస కూడా ముఖ్యమే. పై రూల్‌లో 'ఇక చాలు, కింది రూల్స్ చూడొద్దు' అన్న టిక్కు ఉంటే కిందివి ఆ మెయిల్‌ని ముట్టుకోవు. జీమెయిల్‌లో ఆ బెడద లేదు, సరిపోలిన ఫిల్టర్లన్నీ పడతాయి, ఒకే మెయిల్‌కి నాలుగు లేబుళ్లు ఉండొచ్చు.

అసలు అక్కర్లేని ప్రకటనలకు ఈ మూడు దారులూ దండగే. వాటికి అన్‌సబ్‌స్క్రైబ్ చెయ్యడమే పని. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రకటనల మెయిళ్లలో ఒక్క నొక్కుతో బయటపడే వీలు ఇచ్చి తీరాలని గూగుల్ 2024లో నిబంధన పెట్టింది. యాహూ కూడా అలాంటిదే తెచ్చింది. దాంతో ఆ లింకు కోసం మెయిల్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో దేవులాడే బాధ చాలావరకు తగ్గింది.

కంప్యూటర్ ముట్టుకోకుండా ఫోన్‌తోనే మెయిల్ చూసేవాళ్లకు నేను ట్యాబులే చెబుతాను, ఎందుకంటే జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేసే వీలే లేదు, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ రూపం తెరవాలి. కానీ అలాంటివాళ్లు కూడా ఏడాదికోసారి ఏదో ఒక కంప్యూటర్లో ఫిల్టర్ల పేజీ తెరిచి చూసుకోవాలి. పాస్‌వర్డ్ దొంగిలించిన వాళ్లు చేసే పనుల్లో రూల్ పెట్టడం ఒకటి: బ్యాంకు హెచ్చరికలు రాగానే చదివినట్టు గుర్తు పెట్టి దాచెయ్యడమో, మెయిళ్లను ఇంకో చిరునామాకు మళ్లించడమో. ఆ పేజీలో మనం రాయని రూల్ కనబడితే ముందు పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాత రూల్ తీసెయ్యాలి.

నా పేజీలో ఇప్పుడు ఏడు ఫిల్టర్లున్నాయి. 'ఆఫర్' ఫిల్టర్ కూడా ఉంది, కాకపోతే రెండు షాపుల చిరునామాలకే పరిమితం చేసి, డిలీట్ టిక్కు తీసేశాను.