అరవై దాటాక నడుం నొప్పికి వాకింగా, డెడ్‌లిఫ్టా?

నడుం నొప్పి అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇచ్చే సలహా ఒకటే, బరువులెత్తకు, పొద్దున్నే వాకింగ్ చెయ్యి అని. డెడ్‌లిఫ్ట్, అంటే కింద ఉన్న బరువుని రెండు చేతులా పట్టుకుని నిటారుగా లేవడం, దాని మాటే ఎత్తరు. వాకింగ్ తీసిపారేసేదేం కాదు, 2024లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆస్ట్రేలియా స్టడీలో నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని చూశారు, ఫిజియో సలహాతో నడిచినవాళ్ళకి నొప్పి తిరగబెట్టడానికి సుమారు 208 రోజులు పట్టింది, ఏమీ చెయ్యనివాళ్ళకి 112. పైగా ఖర్చు లేదు.

కానీ నడకతో కండ పెద్దగా పెరగదు, అసలు తేడా ఇక్కడే. బియ్యం బస్తా జరపాలన్నా, కింద కూర్చుని లేవాలన్నా తొడలు, పిరుదుల్లో బలం లేకపోతే ఆ భారం నడుం మీదే పడుతుంది కదా. ఆస్ట్రేలియాలోనే లిఫ్ట్‌మోర్ అని ఇంకో ట్రయల్, ఎముకలు పలచబడ్డ, మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళతో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు డెడ్‌లిఫ్టు, స్క్వాటు (బరువుతో గుంజీళ్ళలా కిందికి కూర్చుని లేవడం) గట్టి బరువులతోనే చేయించారు, పక్కన కోచ్‌ని పెట్టి లెండి, వెన్నెముక సాంద్రత తగ్గకపోగా పెరిగింది. అయితే అది ఎముకల స్టడీ, నొప్పిది కాదు.

నా ఓటు బరువులకే, నడక ఎలాగూ ఉంటుంది. తేలిగ్గా మొదలెట్టి నెలల తరబడి మెల్లగా పెంచుకోవాలి, సరిగ్గా నేర్పేవాళ్ళు దొరక్కపోతే మాత్రం వాకింగే బెటర్. కాలు మొద్దుబారినా, మూత్రం ఆపుకోలేకపోయినా రెండూ ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళండి.