లేయర్ 3 మేనేజ్డ్ అని అమ్మిన స్విచ్‌లు, అదుపు లేని బ్రాడ్‌కాస్ట్: వరంగల్, హనుమకొండ కొనుగోలుదారులకు హెచ్చరిక

కళాశాల ల్యాబ్‌లకు గానీ, ఆసుపత్రులకు గానీ, కార్యాలయాలకు గానీ నెట్‌వర్క్ స్విచ్‌లు కొనబోతున్న వరంగల్, హనుమకొండ, కాజీపేట వారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హనుమకొండలోని మా కళాశాల ల్యాబ్‌లకు నగరంలోని ఒక దుకాణం నుంచి స్విచ్‌లు కొన్నాము. కొటేషన్‌లోనూ బిల్లులోనూ అన్నింటికీ "లేయర్ 3 మేనేజ్డ్" (సెట్టింగులు మార్చుకోగల, వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య ప్యాకెట్లను కూడా పంపగల రకం) అని రాశారు గానీ మోడల్ నంబరు ఎక్కడా వేయలేదు. తీరా చూస్తే సర్వర్ గదిలోని ప్రధాన స్విచ్ ఒక్కటే ఆ మాటకు తగినది. ల్యాబ్‌లలో బిగించినవన్నీ వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో వేరువేరుగా ఉండే ఉప నెట్‌వర్క్‌లు) విడగొట్టడానికి మించి పెద్దగా పనికిరాని చవక రకం. బ్రాడ్‌కాస్ట్‌ను, అంటే అందరికీ ఒకేసారి వెళ్లే సందేశాలను, ఒక హద్దులో ఉంచే స్టార్మ్ కంట్రోల్ వాటిలో అసలే లేదు.

ఆ సదుపాయం ఎందుకు కావాలో దుకాణదారులు చెప్పరు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ కోసం డీహెచ్‌సీపీ సర్వర్‌ను వెతికినా, పక్క కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కోసం ఏఆర్‌పీతో అడిగినా, ఆ ప్రశ్న బ్రాడ్‌కాస్ట్‌గానే వెళ్తుంది. స్విచ్ దాన్ని ఆ వీల్యాన్‌లోని మిగతా పోర్టులన్నింటికీ పంపుతుంది. కాబట్టి బ్రాడ్‌కాస్ట్‌ను పూర్తిగా ఆపలేము. అయితే ఎవరైనా ఒకే ప్యాచ్ కార్డ్ రెండు చివరలనూ గోడ సాకెట్లలో పెడితే లూప్ ఏర్పడుతుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు (కేబుల్ మీద పోయే డేటా ముక్కకు) ఇన్ని స్విచ్‌లు దాటాక ఆగిపోవాలనే గడువు లేదు గనుక అది తిరుగుతూనే, పెరుగుతూనే ఉంటుంది. ఒక గిగాబిట్ పోర్టులో 64 బైట్ల ఫ్రేములు సెకనుకు సుమారు 14 లక్షల 88 వేల వరకు పోగలవు.

ఈ లూప్‌ను పసిగట్టి ఒక పోర్టును మూసివేసేది స్పానింగ్ ట్రీ. మా దగ్గర కంప్యూటర్లకు ఐపీ ఆలస్యంగా వస్తోందని దుకాణం పంపిన టెక్నీషియన్ దాన్ని అన్ని స్విచ్‌లలోనూ ఆపేసి వెళ్లారు. పాత పద్ధతి స్పానింగ్ ట్రీలో పోర్టు పని మొదలుపెట్టడానికి 15 సెకన్ల చొప్పున రెండు దశలు, అంటే 30 సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం నిజమే. దానికి సరైన మార్గం ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ పెట్టి, కంప్యూటర్లున్న పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (ఆగకుండా వెంటనే పని మొదలుపెట్టేవిగా) గుర్తించి, వాటిపై బీపీడీయూ గార్డ్ (అక్కడికి స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసే రక్షణ) పెట్టడం. రక్షణనే తీసేయడం మరమ్మతు ఎలా అవుతుంది? ల్యాబ్‌లో ఒక కేబుల్ లూప్ పడిన రోజు పరీక్ష రాస్తున్న విద్యార్థుల తెరలన్నీ నిలిచిపోయాయి. ఆ పిల్లల ఆందోళన చూసినందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మరొక ప్రమాదం ప్రధాన స్విచ్‌లో బయటపడింది. ఉదయం ల్యాబ్ కంప్యూటర్లన్నింటినీ సర్వర్ నుంచే ఆన్ చేయాలని మేము అడిగినందుకు, ప్రతి వీల్యాన్ మీదా డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్‌ను ఏ షరతూ లేకుండా తెరిచి పెట్టారు. అంటే 192.168.10.255 వంటి చిరునామాకు వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్ కూడా లోపలి కంప్యూటర్లన్నింటికీ చేరుతుంది. 1990లలో స్మర్ఫ్ దాడులు సాగింది ఈ దారినే: పంపినవారిగా బాధితుడి చిరునామా వేసి ఒక్క పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపితే వందల కంప్యూటర్ల జవాబులు బాధితుడి మీద పడేవి. అందుకే 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2644 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, రౌటర్లలో ఇది మొదటి నుంచే ఆపి ఉండాలని నిర్దేశించింది. కంప్యూటర్లను లేపడానికే కావాలంటే యాక్సెస్ లిస్ట్ (ఏ ప్యాకెట్లను రానివ్వాలో చెప్పే జాబితా) రాసి, ఆ సర్వర్ చిరునామా నుంచి యూడీపీ పోర్టు 9కి (ఇది స్విచ్ సాకెట్ కాదు, ప్యాకెట్‌లో ఉండే సంఖ్య) వచ్చే ప్యాకెట్లను మాత్రమే అనుమతించాలి.

కాబట్టి కొటేషన్‌లో మోడల్ నంబరు రాయించుకోండి. ఆ మోడల్ డేటాషీట్‌లో స్టార్మ్ కంట్రోల్, ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ, బీపీడీయూ గార్డ్ ఉన్నాయో లేదో స్వయంగా చూడండి. స్టార్మ్ కంట్రోల్ పరిమితిని శాతంలో కాక సెకనుకు ఇన్ని ప్యాకెట్లని పెట్టే వీలుంటే మరీ మంచిది, ఎందుకంటే గిగాబిట్ పోర్టులో 1 శాతం అన్నా చిన్న ఫ్రేములు సెకనుకు దాదాపు 14,880 పోతాయి. ఉదయం అన్ని కంప్యూటర్లూ ఒకేసారి ఆన్ అయినప్పుడు సహజంగా ఎంత బ్రాడ్‌కాస్ట్ వస్తుందో ముందు కొలిపించి, హద్దును దానికి పైన పెట్టించండి; మరీ తగ్గిస్తే డీహెచ్‌సీపీ అభ్యర్థనలే పడిపోతాయి.

మిగిలిన సొమ్ము చెల్లించే ముందు, తరగతులు లేని సమయంలో, టెక్నీషియన్ ఎదుటే ఒక స్విచ్‌లోని రెండు పోర్టులను ప్యాచ్ కార్డ్‌తో కలిపించి నెట్‌వర్క్ నిలబడుతుందో లేదో చూడండి. మా దుకాణదారు మాత్రం తప్పు కేబుల్ పెట్టినవారిదే అంటూ స్విచ్‌లు మార్చడానికి ఇప్పటికీ నిరాకరిస్తున్నారు.